కొత్తగా పియానో క్లాసులు మొదలెట్టే అమ్మడికి

అమ్మడూ,

ఇంట్లోనే పియానో క్లాసులు మొదలుపెడుతున్నావని, అప్పుడే నలుగురైదుగురు పిల్లలు కుదిరారని తెలిసి చాలా సంతోషమేసింది. ఏ పుస్తకంతో మొదలెట్టాలి అని అడిగావు గానీ నన్నడిగితే అది తర్వాత సంగతి, పేరున్న మెథడ్ బుక్ ఏదైనా పర్లేదు. ముందు ఒక్క విషయం పట్టుకో. పిల్లాడు వారానికి అరగంటో ముప్పావుగంటో నీ దగ్గరుంటాడు, మిగతా ఆరు రోజులూ నువ్వు పక్కన లేకుండానే వాయించుకుంటాడు. ఆ ఆరు రోజులు ఒక్కడే కూర్చుని ఏం చెయ్యాలో నేర్పించగలిగితే చాలు, సగం పని అయిపోయినట్టే.

పిల్లలు ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేస్తారో తెలుసా, పాటలో మొదటి బార్ (రెండు నిలువు గీతల మధ్య ఉండే చిన్న ముక్క) నుంచి మొదలెడతారు, ఏడో బార్‌లో తడబడతారు, అయ్యో అని మళ్ళీ మొదటికే పోతారు, మళ్ళీ అక్కడే తడబడతారు. ఇలా అరగంట చేస్తే మొదటి ఆరు బార్లు నున్నగా వచ్చేస్తాయి, ఏడోది మాత్రం తప్పుగానే వేళ్ళకి అలవాటైపోతుంది, తర్వాత దాన్ని వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. అందుకని క్లాసులోనే నీ కళ్ళముందు చేయించు. ఆరో బార్ చివరి నోట్ నుంచి ఏడో బార్ మొదటి నోట్‌కి, అంతే, ముందు ఎడమ చెయ్యి ఒక్కటే, బాగా మెల్లగా. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే రెండో చెయ్యి కలుపు. నోట్‌బుక్‌లో "బాగా ప్రాక్టీస్ చెయ్యి" అని రాసి పంపకు, దానికి అర్థమే లేదు. ఏ బార్, ఏ చెయ్యి, ఏ వేలు ఎక్కడ, మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపించే పరికరం) ఎంత వేగంలో పెట్టాలి, ఇవి రాయి.

ఇంకోటి, వాయించడం అవ్వగానే "వెరీ గుడ్, కానీ..." అని మొదలెట్టకు (మనందరికీ ఉన్న జబ్బే ఇది). కాసేపు ఊరుకుని "ఎక్కడ ఇబ్బందిగా అనిపించింది?" అని అడుగు. మొదట్లో బిక్కమొహం వేస్తారు, పోనుపోను వాళ్ళే చెప్తారు, తన తప్పు తన చెవికి పట్టుబడిన పిల్లాడికి ఇంట్లో నువ్వు అక్కర్లేదు.

నోట్స్ మీద ఎ, బి, సి అని పెన్సిల్‌తో రాసివ్వకు, పేరెంట్స్ అడిగినా సరే. రాస్తే కళ్ళు ఆ అక్షరాల మీదే ఉంటాయి, స్టాఫ్ (నోట్స్ రాసే ఐదు గీతలు) చూడనే చూడరు. మిడిల్ సి (కీబోర్డ్ మధ్యలో ఉండే సి), ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాల గీతల్లో) కింద నుంచి రెండో గీత మీదున్న జి, బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాల గీతల్లో) పై నుంచి రెండో గీత మీదున్న ఎఫ్, ఈ మూడూ గట్టిగా గుర్తుంటే అక్కణ్ణుంచి మెట్టు పైకా కిందకా, ఒకటి వదిలి దూకుతోందా అని చూసి చదివేస్తారు.

స్కేల్స్ (స్వరాల వరసలు) సి మేజర్‌తోనే మొదలవ్వాలని రూలేం లేదు. పేరుమోసిన పియానో విద్వాంసుడు షోపాన్ తన స్టూడెంట్స్‌కి బి మేజర్ ముందు ఇచ్చేవాడు. చదవడానికి సి మేజర్ సులువే గానీ అన్నీ తెల్ల కీసే కదా, చేతికి ఆనవాలు దొరకదు, బి మేజర్‌లో పొడుగు వేళ్ళు నల్ల కీస్ మీద హాయిగా కూర్చుంటాయి, బొటనవేలు కిందనుంచి తిప్పడం కూడా తేలిక. నోట్స్ చూసి వాయించక్కర్లేదు, చెయ్యి పట్టుకుని చూపించు చాలు.

కూర్చోవడం సంగతి మొదటిరోజే చూడు. మోచెయ్యి కీస్ ఎత్తులో ఉండాలి, చిన్నపిల్లల కాళ్ళ కింద ఏదైనా పీట వెయ్యి, కాళ్ళు వేలాడుతుంటే భుజాలు పైకి బిగుసుకుంటాయి, ఆ తర్వాత చేతులు వదులు చెయ్యమని నువ్వెంత అరిచినా లాభం లేదు. కీబోర్డ్ కొంటామంటే 88 కీస్, వెయిటెడ్‌వి (అసలు పియానోలాగా నొక్కితే బరువు తెలిసేవి) చూడమను.

గ్రేడ్ పరీక్షలు మంచివే, ఏబీఆర్ఎస్ఎమ్ (బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు) 1889 నుంచి నడుస్తోంది, ఒకటి నుంచి ఎనిమిది గ్రేడ్ల వరకు దారి వేసి పెట్టింది. కానీ ఏడాదంతా ఆ పరీక్ష పాటలే రుద్దిస్తే గ్రేడ్ త్రీ పాసైన పిల్లకి గ్రేడ్ వన్ పాట కొత్తది ఇస్తే చదవడం రాదు, నాకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది. అందుకే ప్రతివారం తన లెవెల్ కంటే తేలికైన చిన్న పాట ఒకటి, వారంలో ముగించేసేది, పక్కన నడిపించు.

పెద్దవాళ్ళు వస్తే వేరే. వాళ్ళకి అర్థం టక్కున అవుతుంది, వేళ్ళే వెనకపడతాయి, దాంతో సిగ్గుపడి మానేస్తారు. వాళ్ళకి చిన్నపిల్లల పాటలు ఇవ్వకు, మెల్లగా ఉన్నా నిండుగా వినిపించేవి ఇవ్వు, పెడల్ తొందరగానే పరిచయం చెయ్యి.

ఫీజు నెల ముందే తీసుకో, మానేసిన క్లాసుకి ఏంటి రూలో మొదటిరోజే కాగితం మీద రాసిచ్చెయ్, మొహమాటపడకు. మొదటి నెల క్లాసులయ్యాక ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో రాసి పంపు, ఒక్కొక్కళ్ళ గురించి విడిగా మాట్లాడుకుందాం.

మీ టీచరమ్మ