మ్యాప్ గోడకు కట్టే ముందు

బిడ్డా,

మీ మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ కౌన్సిల్ ముందుకు వస్తోందని, అభ్యంతరాల పని మొత్తం నీకే అప్పజెప్పారని నిన్న ఫోన్‌లో చెప్పావు. "టెన్షన్‌గా ఉంది పెద్దనాన్నా" అన్నావు. ఆ మాటకు నాకు సంతోషమే కలిగింది. ఈ పనిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. అది ముందు చెప్తాను.

ముప్పై ఏళ్లకు పైగా టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చేశాను కదా. ఒక ఊళ్లో డ్రాఫ్ట్ వచ్చినప్పుడు చట్టం చెప్పినవన్నీ చేశాం. గెజిట్‌లో వేయించాం, పేపర్లలో ప్రకటన ఇచ్చాం, ఏ భూమి దేనికి వాడాలో రంగులతో చూపే మ్యాప్‌ను ఆఫీసు మేడ మీద వరండాలో కట్టాం. గడువు ముగిసేసరికి పట్టుమని ఇరవై కాగితాలు కూడా రాలేదు. వచ్చిన వాటిలో సగానికి పైగా లేఅవుట్లు వేసేవాళ్లవే. "చెప్పుకోదగ్గ అభ్యంతరాలు లేవు" అని రాసి పైకి పంపాం. కింద నేనూ సంతకం పెట్టాను.

రెండేళ్ల తర్వాత ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుక్కి పెళ్లి కుదిరింది, ఉన్న అర ఎకరంలో రెండు గదులు వేసుకుందామని పర్మిషన్‌కు పెడితే తిరస్కరించారు. ఫైలు తీసి చూశాను. అతని సర్వే నంబరు మీద ఆకుపచ్చ రంగు ఉంది. "ఆ నక్ష నేను అప్పుడే చూసిన సారూ. మెట్లెక్కి వచ్చి మరీ చూసిన. పచ్చగ కనబడ్డది. పచ్చగ ఉంటే పొలం లెక్కనే గదా అనుకొని పోయిన" అన్నాడు. అది పొలం రంగు కాదు. పార్కులకు, ఆటస్థలాలకు పెట్టిన ముదురు పచ్చ. పొలం రంగు దాని పక్కనే, లేత పచ్చ. ఆ తేడా చెప్పే పట్టిక మ్యాప్‌కు కింద ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో ఉంది. ఆ మనిషి చూడలేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఆయన వచ్చాడు, చూశాడు. అర్థమయ్యేలా మేమే చూపించలేదు.

ఒకసారి ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం వచ్చాక ఆ ముక్క రంగు మార్చాలంటే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు, ఫీజు, మళ్లీ పేపర్ ప్రకటన, మళ్లీ అభ్యంతరాలు, చివరికి జీవో. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకే అది ఒక యజ్ఞం. ఆ ఇంటికి నా సర్వీసులో పర్మిషన్ రాలేదు.

అందుకే చెప్తున్నాను. డ్రాఫ్ట్ దశలో నువ్వు పడే కష్టమే అసలు కష్టం. తర్వాత పడేదంతా జనం పడే కష్టం.

కామారెడ్డి సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరులో అక్కడ డ్రాఫ్ట్ బయటికి వచ్చింది. నవంబరు అంటే వరి కోతలు. కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల కుప్పల మీద కాపలా పడుకునే రోజులు. ఆ సమయంలో గెజిట్ ఎవరు చూస్తారు? తమ పంట పొలాల మీద ఇండస్ట్రియల్ జోన్ పడిందని మున్సిపాలిటీలో విలీనమైన గ్రామాల రైతులకు ఒకరి నోట ఒకరికి తెలిసింది. జనవరికల్లా రాస్తారోకోలు, బంద్, కలెక్టరేట్ ముట్టడి. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. "ఇది డ్రాఫ్టే, మార్చుకోవచ్చు" అని పైనుంచి చెప్పినా అప్పటికి నమ్మే స్థితిలో ఎవరూ లేరు. 2023 జనవరి 20న కౌన్సిలే ఆ డ్రాఫ్ట్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే అదే జరిగింది. ఎన్నో నెలల సర్వే పని వృథా అయింది, ఆ ఊళ్లకు కొత్త ప్లానూ లేకుండా పోయింది. "డ్రాఫ్టే కదా" అన్న మాట రైతుకు నువ్వు మొదటి రోజే చెప్పాలి. గొడవయ్యాక చెబితే అది సాకులా వినిపిస్తుంది.

ఇక నీ పని. మీ ఊరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో ఉందా లేదా ముందు తేల్చుకో. ఉంటే 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం వర్తిస్తుంది, లేకపోతే 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం. నోటీసు ఎవరి పేరున వెళ్లాలి, ఎన్ని రోజులు గడువు, ఆమోదం ఎవరిది అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. నోటీసులో ఒక్క సెక్షన్ నంబరు తప్పు పడితే రేపు కోర్టులో మొత్తం కొట్టుకుపోతుంది. దీని గురించి ఇంతకంటే చెప్పను, లీగల్ సెల్ వాళ్లు చూస్తారు.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మ్యాప్ గురించి. కన్సల్టెంట్లు ఇచ్చేది ఉపగ్రహ చిత్రం మీద గీసింది. పైనుంచి చూస్తే ఎండాకాలంలో కుంట మైదానంలా ఉంటుంది, పడావు పడిన పొలం ఖాళీ జాగాలా ఉంటుంది. శ్మశానం చెట్ల కింద కనబడనే కనబడదు. కాబట్టి గోడకు కట్టే ముందు ఆ మ్యాప్ పట్టుకుని ఊరు తిరుగు. వీఆర్‌ఏగా చేసిన ముసలాయన ఎవరైనా ఉంటే బతిమాలి వెంట తీసుకుపో. కొత్తగా గీసిన ప్రతి రోడ్డు వెంబడీ నడువు. ఒకసారి నేనలా నడిచినప్పుడు అరవై అడుగుల రోడ్డు సరిగ్గా ఒక దిగుడు బావి మీదుగా పోతోంది. మోటారు నడుస్తోంది, పక్కన ఒకామె బిందె కడుగుతోంది. కాగితం మీద అది సన్నని గీత. ఆ గీతను నలభై గజాలు పక్కకు జరిపితే ఎవరికీ నష్టం లేకుండా పోయింది. అది ఆఫీసులో కూర్చుంటే తెలిసేది కాదు.

తర్వాత సర్వే నంబర్ల జాబితా. ఇది మాత్రం ఎంత కష్టమైనా చెయ్యి. రైతుకు తన భూమి రంగుతో తెలియదు, నంబరుతో తెలుసు. 214/అ ఏ జోన్‌లో ఉంది, 214/ఆ ఏ జోన్‌లో ఉంది, రోడ్డులో పోయేది ఏది, ఇంతకు ముందు ప్లాన్‌లో ఏముండేది అని తెలుగులో వరసగా రాయించి, వార్డు ఆఫీసులో, రేషన్ షాపు దగ్గర, విలీన గ్రామాల్లో పాత పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించు. పట్టిక కింద మామూలు మాటల్లో రాయి: పసుపు అంటే ఇల్లు కట్టుకోవచ్చు, ఊదా అంటే ఫ్యాక్టరీలకు, ముదురు పచ్చ అంటే పార్కు, ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. ఆ చివరి మాట రాయడానికి పైవాళ్లు వెనకాడతారు, గొడవ అవుతుందని. రాయాల్సిందేనని పట్టుబట్టు. ఇప్పుడు వచ్చే గొడవతో మ్యాప్ మారుతుంది, రెండేళ్ల తర్వాత వచ్చే గొడవతో ఏదీ మారదు.

ఒక్క పేపర్ ప్రకటనతో సరిపెట్టకు, డప్పు చాటింపు వేయించు. మీటింగులు వార్డుకొకటి పెట్టు, సాయంత్రం పూట, పొలం నుంచి ఇంటికి చేరాక. అందరినీ ఫంక్షన్ హాల్‌కు పిలిస్తే ముందు వరసలో లీడర్లు కూర్చుంటారు, మైకు వాళ్ల చేతుల్లోనే తిరుగుతుంది. ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకుని నిలబడి వెళ్లిపోతారు. మ్యాప్‌ను బల్ల మీద పరుచు. గోడకు కడితే దూరం నుంచి చూస్తారు. బల్ల మీద పరిస్తే వంగి, వేలు పెట్టి, "ఇగో ఇది మా చింతచెట్టు" అని చూపిస్తారు. ఆ వేలు ఎక్కడ ఆగిందో నువ్వు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

అభ్యంతరం ఎవరైనా ఇవ్వొచ్చని పదే పదే చెప్పు. పట్టా లేని కౌలు రైతు, గుడిసెలో ఉండేవాళ్లు, పక్క పొలం వాళ్లు కూడా. రాయడం రానివాళ్ల మాట మీ వాళ్లే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. ప్రతి కాగితానికీ తేదీ వేసి, స్టాంపు కొట్టి రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వకుండా "పెట్టి పోండి" అన్నారంటే మీ ఆఫీసు మీద నమ్మకం ఆ రోజే పోతుంది.

ఒకే రకంగా జిరాక్స్ తీసిన రెండు వందల కాగితాలు వస్తాయి. వాటిని ఒకటిగా లెక్కేయమని ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. కింద సర్వే నంబర్లు వేరువేరుగా ఉంటాయి, ఒక్కోటీ వేరే కథ. రిజిస్టర్ సర్వే నంబరు వారీగా రాయి: అడిగిందేమిటి, ఫీల్డ్‌లో చూసిందేమిటి, మీ సిఫారసు, దానికి కారణం. లేఅవుట్ వాళ్లు లాయరుతో, కలర్ ప్రింట్లతో, బైండు చేసిన ఫైలుతో వస్తారు. ఒంటరి ఆడమనిషి నోటుబుక్కులోంచి చింపిన కాగితం తెస్తుంది. రెండింటికీ రిజిస్టర్‌లో అదే గడి, అంతే జాగా.

అన్నిటికీ తలూపమని కాదు బిడ్డా. చెరువు శిఖం భూమిని, అంటే నీళ్లు నిలిచే జాగాను, నివాసం కింద మార్చమని అడుగుతారు, కాగితాలు కూడా చూపిస్తారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు లోపల, నాలా మీద ఒక్క గజం కూడా వదలొద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు మేడల మీద నిలబడిన జనాన్ని టీవీలో చూశాం కదా. ఆ నీళ్లు తమ పాత దారిని వెతుక్కుంటూ వచ్చినవే. "కుదరదు" అని చెప్పాల్సినచోట కారణం తెలుగులో రాసి, వాళ్ల చేతికి ఇచ్చి చెప్పు. మనం ఒప్పుకున్నవాళ్లకు ఉత్తరం పంపి, మనం కాదన్నవాళ్లను గాలికి వదిలేయడం మన ఆఫీసుల్లో పాత అలవాటు. కాదన్నవాళ్లకే ముందు పంపు.

అభ్యంతరాలను కమిటీ విన్నాక మార్చిన మ్యాప్‌ను, మార్పుల జాబితాను పైకి పంపే రోజే ఊళ్లోనూ అంటించు. గడువు మూసిన తర్వాత ఏ ముక్క రంగు మారినా నీ రిజిస్టర్‌లో దానికి ఒక కాగితం ఉండాలి. లేకపోతే ఆ మార్పు ఎవరు అడిగారని ఫైలులోనే రాసి అడుగు. నోటితో అడగొద్దు. నిన్ను ఆ సీటులోంచి మార్చేయొచ్చు, ఆ మాట మాత్రం ఫైలులో ఉంటుంది.

అభ్యంతరాల గడువు వరి కోతల రోజుల్లో పడకుండా చూడమని కమిషనర్ గారిని ఇప్పుడే అడుగు, నోటిఫికేషన్ తేదీ ఖాయం కాకముందే. ఆదివారం వీలైతే మ్యాప్ పెద్ద ప్రింటు, టిప్పన్ (పొలం కొలతల నక్ష) కాపీలు తీసుకుని ఇంటికి రా. పెద్దమ్మ మధ్యాహ్నం వంట చేస్తానంది. ముందు గదిలో మంచం తీయించి నేల మీద పరుద్దాం. విలీన గ్రామాల సర్వే నంబర్లతో మొదలుపెడదాం. నా కళ్లద్దాలు కూడా కొత్తవి చేయించాను.

మీ పెద్దనాన్న