చెవిటి కుక్కపిల్లను తెచ్చుకున్న మా చిట్టికి

పలాస

చిట్టీ,

నువ్వు చెవిటి కుక్కపిల్లని తెచ్చావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు, ఏ బండి కిందో పడుతుంది" అని ఒకటే గోల. నేను చెప్పనన్నాను. ఫోన్ పెట్టాక మాత్రం మీ విజయనగరం గంటస్తంభం దగ్గరి ఆ ట్రాఫిక్కే కళ్ల ముందు తిరిగింది, నిద్ర పట్టలేదు. ఎవరూ వద్దన్నదాన్ని మన పిల్ల ఇంటికి తెచ్చుకుందని సంతోషమూ వేసింది. అది వేరే సంగతి.

ఒళ్లంతా తెలుపేనట కదా. తెల్ల కుక్కల్లో, చుక్కల డాల్మేషన్లలో ఈ చెవుడు ఎక్కువ. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలోనూ ఉండాలి. అవి లేకపోతే పుట్టిన మూడు నాలుగు వారాలకే వినికిడి పోతుంది. చెవిలో నూనె పొయ్యమని ఎవరైనా చెబితే వినకు.

రా, కూర్చో, ఆగు, చాలు. ఈ నాలుగుతో మొదలుపెట్టు. ఒక్కోదానికి ఒకటే సైగ, ఇంట్లో అందరిదీ అదే. మీ ఆయన అరచెయ్యి చూపిస్తే ఆగమని, నువ్వు చూపిస్తే కూర్చోమని అయితే పాపం అది ఏం చేస్తుంది? సరిగ్గా చేసిన వెంటనే బొటనవేలు ఎత్తి చూపించి ముక్క పెట్టు. తనంతట తాను నీ మొహంలోకి చూసినప్పుడల్లా కూడా పెట్టు, చూడని కుక్కకి ఎన్ని సైగలు చేసినా దండగే. గొలుసు లేకుండా గడప దాటనివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. మా చెవిటి కుక్క తెల్లోడు గుర్తున్నాడా? 2018 అక్టోబరు 11, తిత్లీ తుఫాను. తెల్లవారుజామున గాలికి జీడిచెట్లు విరుగుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఆ హోరులో వాడొక్కడే వసారాలో గోనె మీద హాయిగా నిద్రపోతున్నాడు. పెంకులు రాలుతున్నాయని, లోపలికి లాగుదామని చీకట్లో వెనక నుంచి మెడ పట్టుకున్నాను. ఉలిక్కిపడి నా మణికట్టు కొరికాడు. నొప్పి, భయం, ఎదురుగా పోతున్న తోట మీది దిగులు, అన్నీ కలిపి చెయ్యెత్తి కొట్టాను. ఒకటి కాదు, మూడు నాలుగు దెబ్బలు.

తెల్లారాక చూస్తే మంచం కింద ఉన్నాడు. రమ్మన్నాను. మా ఇద్దరికీ 'రా' అంటే చెయ్యి పైకెత్తి గుండెకి ఆనించుకోవడం. చెయ్యి లేచిందో లేదో వాడు నేలకి కరుచుకుపోయి ఉచ్చ పోసుకున్నాడు. నాలుగేళ్లు వాడితో మాట్లాడింది ఆ చేత్తోనే కదా చిట్టీ. వేరే నోరేదీ లేదు నాకు.

మీ అత్త చెయ్యెత్తితే పరిగెత్తుకొచ్చేవాడు. నాకు మాత్రం మూడు నెలలు పట్టింది. రోజూ వాడికి పక్కకి తిరిగి నేల మీద కూర్చుని, చెయ్యి కిందే ఆనించి, అరచేతిలో చేప ముక్క పెట్టుకునేవాణ్ణి. 'రా'కి తొడ మీద తట్టడం అని సైగే మార్చేశాను. అయినా చివరిదాకా ఒక్క క్షణం ఆగి, నా మొహం చూసి, అప్పుడు వచ్చేవాడు.

అందుకే మీ ఇంట్లో ఎవరూ, ఎంత కోపమొచ్చినా, చెయ్యి చేసుకోకూడదు. మీ ఆయనకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నిద్ర లేపాలంటే ముక్కు ముందు అరచెయ్యి పెట్టు, వాసనకే లేస్తుంది. ఎవరు లేపినా అంతే. రాత్రిళ్లు టార్చి రెండుసార్లు వెలిగించి ఆర్పితే 'రా' అని ఇప్పుడే నేర్పు, కరెంటు పోయాక కాదు. ఒకవేళ కరిస్తే సబ్బుతో పారే నీళ్ల కింద పావుగంట కడిగి, ఆ రోజే ఇంజెక్షన్‌కి వెళ్లు. చెట్లు పడి రోడ్డు మూసుకుపోయిందని నేను రెండో రోజు వెళ్లాను, మీ అత్త తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి. దీపావళికి మాత్రం టెన్షన్ లేదు, టపాకాయలకి వణకని కుక్క వీధిలో నీదొక్కటే.

మణికట్టు మీది మచ్చ జీడిసొన కాల్చిందని మీ అమ్మకి చెప్పాను. నువ్వు నిజం చెప్పకు.

దసరా వెళ్లిన మంగళవారం మీ ఊళ్లో సిరిమాను జాతరకి వస్తాం. గుమ్మంలోకి రాగానే కింద కూర్చుంటాను, దాన్నే రానివ్వు. 'రా'కి ఏ సైగ పెట్టావో ఈలోగా రాయి.

మీ మావయ్య