క్లేను దాటి ట్రోఫీ అందుకున్న బాక్సర్

ప్రశ్న: తర్వాతి కాలంలో మహమ్మద్ అలీగా ప్రసిద్ధికెక్కిన కాసియస్ క్లే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినా, ఉత్తమ బాక్సర్ ట్రోఫీ మాత్రం ఒక ఇటలీ ఆటగాడికి దక్కిందని చదివాను. ఆయనెవరు? పోటీలు సొంతగడ్డ మీద జరిగాయి కాబట్టి ఇచ్చారా? ఆ తర్వాత ఆయన ఏమయ్యారు?

జవాబు: ఆయన పేరు జొవాన్ని బెన్వెనూతి, అందరికీ నీనో. 1938లో అడ్రియాటిక్ తీరంలోని ఈసొలా పట్టణంలో పుట్టారు. అప్పుడు ఇటలీలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు స్లొవేనియాలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం యుగోస్లావియా చేతికి పోవడంతో, అక్కడి ఎన్నో ఇటాలియన్ కుటుంబాల మాదిరిగానే ఆయన కుటుంబమూ ఉన్న ఊరు వదిలి త్రియెస్తె నగరం చేరింది.

ఇక మీ అనుమానం. అది సహజమే గానీ, ఆ ట్రోఫీ ఇచ్చేది దెబ్బ బలానికి కాదు, ఆటలోని నేర్పుకు. క్లేకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. బెన్వెనూతి 1957, 1959లలో లైట్ మిడిల్ వెయిట్ బరువు విభాగంలో యూరప్ విజేతగా నిలిచి, రోమ్ కోసం బరువు తగ్గించుకుని దానికి కింది విభాగమైన వెల్టర్ వెయిట్‌లో దిగి, ఫైనల్లో సోవియట్ బాక్సర్ యూరీ రాదొన్యాక్‌ను ఓడించిన ఆరితేరిన ఆటగాడు. కాబట్టి అది మొహమాటపు బహుమతి కాదనే నా అభిప్రాయం.

1961లో ప్రొఫెషనల్‌గా మారారు. 1965 జూన్‌లో మిలాన్‌లోని సాన్ సీరో స్టేడియంలో తన దేశస్థుడే అయిన సాండ్రో మజింగీని ఆరో రౌండ్‌లో నాకౌట్ చేసి జూనియర్ మిడిల్ వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచారు. మరుసటి ఏడాది సియోల్‌లో కిమ్ కీ సూ చేతిలో దాన్ని పోగొట్టుకున్నారు. ప్రొఫెషనల్‌గా ఆయనకదే తొలి ఓటమి.

ఆయన పేరు చెబితే ఇటలీ వారికి ముందు గుర్తొచ్చేది 1967 ఏప్రిల్ 17. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మిడిల్ వెయిట్ ఛాంపియన్ ఎమిల్ గ్రిఫిత్‌తో పోరు. రెండో రౌండ్‌లో గ్రిఫిత్‌ను పడగొట్టిన బెన్వెనూతి నాలుగో రౌండ్‌లో తానే నేలకూలారు. అయినా తేరుకుని, పదిహేను రౌండ్లూ నిలిచి పాయింట్ల మీద గెలిచారు. అక్కడ రాత్రి అంటే ఇటలీలో తెల్లవారుజాము. లక్షలాది మంది నిద్ర మానుకుని రేడియోలకు చెవులప్పగించారు. సెప్టెంబర్‌లో గ్రిఫిత్ టైటిల్ తిరిగి గెలుచుకుంటే, 1968 మార్చిలో బెన్వెనూతి మళ్లీ చేజిక్కించుకున్నారు.

ఆ టైటిల్‌కు తెర దించినవాడు అర్జెంటీనాకు చెందిన కార్లోస్ మొన్సోన్. 1970 నవంబర్‌లో రోమ్‌లో పన్నెండో రౌండ్‌లో నాకౌట్ చేశారు. మరుసటి మే నెలలో మోంటె కార్లోలో మళ్లీ తలపడినప్పుడు మూడో రౌండ్‌లోనే బెన్వెనూతి పక్షంవారు రింగులోకి తువ్వాలు విసిరి ఓటమి ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన గ్లవ్స్ తొడగలేదు. ప్రొఫెషనల్ లెక్క: 90 పోరాటాలు, 82 గెలుపులు, 7 ఓటములు, ఒక డ్రా.

ప్రత్యర్థులతో వైరం మాత్రం రింగు తాళ్ల లోపలే ఆగిపోయింది. గ్రిఫిత్ బెన్వెనూతి కుమారుల్లో ఒకరికి జ్ఞానపిత (క్రైస్తవ బాప్తిస్మంలో బిడ్డ తరఫున నిలిచే గాడ్‌ఫాదర్) అయ్యారు. 1995లో మొన్సోన్ మరణించినప్పుడు శవపేటికను మోసినవారిలో బెన్వెనూతి ఉన్నారు. ఆయన కూడా 2025 మే 20న 87 ఏళ్ల వయసులో రోమ్‌లో కన్నుమూశారు.