ల్యాబ్‌లో పెంచిన రోగనిరోధక కణాలతో ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందా?

అమలాపురం దగ్గర ఉండే మీ పెదనాన్నగారికి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని, కణాల చికిత్స కోసం కొబ్బరితోట అమ్మెయ్యమంటారా అని అడిగారు. దయచేసి ఇప్పుడే అమ్మకండి.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. 2010లో అమెరికా అనుమతించిన సిప్యూల్యూసెల్-టి ఒకటి. రోగి రక్తంలోంచి కొన్ని రోగనిరోధక కణాలను వేరుచేసి, ల్యాబ్‌లో వాటికి ప్రొస్టేట్ ప్రొటీన్ ఒకదాన్ని గుర్తుపట్టించి, మళ్లీ సెలైన్ లాగా ఎక్కిస్తారు. సుమారు రెండు వారాల తేడాతో మూడుసార్లు. అవి వెళ్లి టి కణాలను (చెడ్డ కణాలను చంపగల మరో రకం రోగనిరోధక కణాలు) క్యాన్సర్ మీదికి ఉసిగొల్పాలి. పెద్ద ట్రయల్‌లో పెరిగిన ఆయుష్షు దాదాపు 4 నెలలు. గడ్డ కరగడం, పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ తీరు తెలుసుకోడానికి రక్తపరీక్షలో చూసే ప్రొటీన్) బాగా తగ్గడం అరుదు. అదీ క్యాన్సర్ హార్మోన్ చికిత్సకు లొంగకపోయినా నొప్పులు పెద్దగా లేనివాళ్లకే.

రెండోది కార్-టి. ఇందులో టి కణాల జన్యువులనే మారుస్తారు. మన దేశంలో 2023లో అనుమతి పొందిన నెక్స్‌కార్19 రక్త క్యాన్సర్లకు. ప్రొస్టేట్‌కు కార్-టి ఇంకా ట్రయల్స్‌లోనే ఉంది. గట్టి గడ్డలోకి ఈ కణాలు సరిగా చొరబడలేవు, చొరబడినా అక్కడ నీరసించిపోతాయి.

ముందు హార్మోన్ ఇంజెక్షన్లు, అబిరాటెరోన్ లాంటి మందుల సంగతి డాక్టరుగారితో తేల్చుకోండి. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోండి. ఎవరైనా ట్రయల్ అంటూ లక్షలు అడిగితే సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు చూపించమనండి. పరిశోధనలో ఉన్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.