సముద్రం దాటబోతున్న మా మేనకోడలికి

చిరంజీవి బిడ్డకు మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ రైతు సంఘం చపాటా మిర్చిని ఇండోనేషియా ప్రదర్శనకు తీసుకెళ్తోందని, ఖర్చులో కొంత సర్కారు ఇస్తుందని, దరఖాస్తు పనంతా నువ్వే చూస్తున్నావని చెప్పింది. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత ఉందో భయం కూడా అంతే ఉంది. వరంగల్ ఎనుమాముల మిర్చి యార్డులో బతికినవాడిని. దుగ్గొండి, నల్లబెల్లి రైతులు పండించిన కాయ జెండా పాట అనే వేలంలో ఎవరి చేతిలోనో పడి, ఎక్కడెక్కడికో వెళ్లి, ఎవరి పేరుతోనో అమ్ముడుపోవడం జీవితమంతా చూశాను. ఆ కాయను దాని పేరుతోనే, పండించినవాళ్ల పేరుతోనే పంపుతానని మన ఇంటి ఆడపిల్ల బయలుదేరితే గర్వపడనా?

ఫోన్‌లో చెబితే “సరే మామా” అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

కాగితాల సంగతి నీకు చెప్పనక్కరలేదు. ఎగుమతి, దిగుమతుల కోడ్‌కు ఆన్‌లైన్‌లో 500 రూపాయలు కడితే సరిపోతుంది. మిర్చి సుగంధ ద్రవ్యాల కింద వస్తుంది కాబట్టి రిజిస్ట్రేషన్ స్పైసెస్ బోర్డులో చేయించు. మిగతా వ్యవసాయ సరుకుల ఎగుమతులు చూసే అపెడా చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకు.

ఇక డబ్బు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఎగుమతుల ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. 2030-31 దాకా 25,060 కోట్ల రూపాయలు. అందులో ‘నిర్యాత్ ప్రోత్సాహన్’ అప్పులు, వడ్డీల వైపు చూస్తుంది. ‘నిర్యాత్ దిశ’ నాణ్యత, ప్రదర్శనలు, గోదాములు, రవాణా వైపు చూస్తుంది. ఇదివరకు విదేశీ ప్రదర్శనలకు సాయం చేసిన పాత పథకం కూడా ఇందులోనే కలిసింది. పేరు ఏదైనా ఇలాంటి సాయం ఎప్పుడూ నడిచిన తీరు ఒక్కటే: ముందు నువ్వు ఖర్చు పెట్టాలి, తర్వాత రసీదులు చూపి అడగాలి. బయలుదేరడానికి ముందే అనుమతి రాతపూర్వకంగా తీసుకో. టికెట్టు, బోర్డింగ్ పాస్, స్టాలు రసీదు ఒక్కటి కూడా పారేయకు. ఆ డబ్బు వచ్చేదాకా మధ్యలో ఎవరి సొమ్ము వాడతావు? రైతులు కట్టిన వాటా సొమ్ము మాత్రం ముట్టుకోకు. నెలలు గడిచినా సాయం రాకపోతే, కల్లంలో కాయ ఎండబెట్టుకునే మనిషికి నువ్వు ఏమని జవాబు చెబుతావు?

ఇంకో మాట. వరంగల్ పండ్ల దుకాణాల్లో చిన్న స్టిక్కరు అంటించిన వాషింగ్టన్ యాపిల్ కనిపిస్తుంది కదా. మన దేశంలో ఆ పండు ప్రచారం వెనుక వాళ్ల సర్కారు సొమ్ము కూడా ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ ఇందుకోసమే పథకాలు నడుపుతోంది. పెద్ద పథకానికి అక్కడి 2018 చట్టం ఏటా 20 కోట్ల డాలర్లు కేటాయించింది. ఎదుగుతున్న దేశాల మార్కెట్ల కోసమే విడిగా ఇంకో చిన్న పథకం ఉంది, ఏటా 80 లక్షల డాలర్లు. పది లక్షలకు మించి జనాభా ఉండి, ఆదాయం మధ్యస్థంగానో తక్కువగానో ఉన్న దేశాలకే అది వర్తిస్తుంది. నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ చిన్న పథకం ఏ ఒక్క కంపెనీ బ్రాండుకూ డబ్బివ్వదు. పంట మొత్తానికి మేలు చేసే పనికే ఇస్తుంది. అందులో మార్కెట్ అధ్యయనాలు ఉంటాయి, ఆ దేశం నిబంధనలు తెలుసుకోవడం ఉంటుంది. అమ్మడానికి వెళ్లేముందు అక్కడ ఏం తింటారో, ఎవరు కొంటారో తెలుసుకోవడానికి వాళ్లు డబ్బు పెడుతున్నారు.

నువ్వు తెలుసుకున్నావా? ఇండోనేషియా వాళ్లు కారం బాగా తింటారు. మన చపాటాకు పేరు రంగుతోనే వచ్చింది, కారంతో కాదు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అక్కడి పచ్చడి తయారీదారు కొనడు. ఘాటైన తేజ రకం అయితే కొరికి చూసి కొంటాడు. చపాటా కావలసింది రంగు తీసేవాళ్లకు, మసాలా పొడులు కలిపేవాళ్లకు. వాళ్లు ఆ ప్రదర్శనకు వస్తారా? ఈ మొదటి ప్రయాణాన్ని చూడటానికే పెట్టుకో బిడ్డా. ఆర్డరు లేకుండా తిరిగి వచ్చినా ఎవరూ నిన్ను తప్పుపట్టరు.

ఆర్డరుతో వస్తేనే నాకు భయం. ఎందుకో చెబుతాను. ఈ సంగతి మీ ఇంట్లో ఎవరూ నీకు పూర్తిగా చెప్పి ఉండరు.

మీ బాపు కూడా ఇలాగే వెళ్లాడు. నువ్వు అప్పటికి పుట్టలేదు. తూర్పు ఆఫ్రికాలో ప్రదర్శన. స్టాలు అద్దెలో, విమానం ఖర్చులో కొంత సర్కారు భరించింది. అక్కడ ఒక కొనుగోలుదారు మీ బాపు దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చాడు. తేజ కాయ తుంచి, వాసన చూసి, గింజలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టినట్టు చూశాడట. మనతో వెళ్లిన అధికారి వాళ్లిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆ ఫోటో మీ బాపు కొట్లో లక్ష్మీదేవి పటం కిందే ఉండేది. వచ్చిన ప్రతి రైతుకూ చూపించేవాడు. “సర్కారు కలిపిన మనిషి” అనేవాడు. బావ చేసిన తప్పు ఆ మాటలోనే ఉంది. సర్కారు స్టాలుకు అద్దె కట్టింది. స్టాలు ముందు నిలబడినవాడి మంచి చెడ్డలు సర్కారుకు ఏం తెలుసు?

మొదటి కంటైనర్‌కు ఎల్‌సి తెరిచాడు, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇస్తానని ఆ కొనుగోలుదారు బ్యాంకే పూచీ పడింది. డబ్బు చెప్పిన రోజుకు బ్యాంకులో పడింది. రెండోసారి, ఎల్‌సికి ఖర్చు ఎందుకు, సరుకు పంపి కాగితాలు బ్యాంకుకు పెట్టు, డబ్బు కట్టి విడిపించుకుంటాను అన్నాడు. సరుకు కూడా ఎక్కువ అడిగాడు. కాగితాలు బ్యాంకులో ఉన్నంతకాలం సరుకు మనదే కదా అని బావ నమ్మాడు. నిజమే, సరుకు మనదే. కానీ అది పరాయి దేశపు రేవులో ఉంది, రోజుకింత అద్దె పడుతోంది. ఓడ చేరాక ఫ్యాక్స్ వచ్చింది. రంగు తగ్గిందట, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎక్కువ ఉందట, ధరలో నలభై శాతం తగ్గిస్తేనే తీసుకుంటాడట. బావ పౌరుషానికి పోయి ఒప్పుకోలేదు. వెనక్కి తెప్పించడానికి అయ్యే ఖర్చు సరుకు విలువకు దగ్గరగా ఉంది. వారాలు గడిచాయి. చివరికి రేవువాళ్లు వేలం వేశారు. కొన్నది ఆ మనిషి బంధువేనని తర్వాత తెలిసింది.

ప్రదర్శనకు తీసుకెళ్లిన కార్యాలయానికి బావ ఉత్తరం రాశాడు. ప్రదర్శన ఏర్పాటు చేయడం వరకే మా బాధ్యత, లావాదేవీ మీ ఇద్దరిదీ అని జవాబు వచ్చింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ మాట బయలుదేరకముందే బావకు తెలిసి ఉండాల్సింది.

ఆ ఏడు మీ అమ్మ మెడలో పసుపుతాడు తప్ప ఏమీ మిగల్లేదు. పరకాల దగ్గరి పొలం పోయింది. అయినా ఏ రైతు డబ్బూ ఆగలేదు. హమాలీలకు, తూకం వేసే దడ్వాయికి కూడా లెక్క ప్రకారం ఇచ్చాడు. మీ బాపు అంటే మార్కెట్లో ఇప్పటికీ లేచి నిలబడేవాళ్లున్నారు, అది నువ్వు తెలుసుకోవాలి.

కాబట్టి, ఎవరితో పరిచయం ఎక్కడ కలిగినా మొదటి సరుకుకే కాదు, ఐదో సరుకుకు కూడా మంచి బ్యాంకు ఎల్‌సి అడుగు. అడ్వాన్సు ఇస్తే ఇంకా మంచిది. ఈసీజీసీ బీమా తీసుకో. 1957 నుంచి ఉన్న సర్కారు సంస్థ అది, విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే నష్టంలో ఎక్కువ భాగం ఇస్తుంది. కొనుగోలుదారు గురించి విచారించి, అతని మీద ఎంతవరకు పూచీ పడుతుందో ముందే చెబుతుంది. వాళ్లు తక్కువ చెప్పారంటే అక్కడే ఆగిపో. ప్రీమియం దండగ అని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు. అయితే ఒక చిక్కు ఉంది. సరుకు బాగాలేదని కొనుగోలుదారు గొడవ పెడితే, అది తేలేదాకా బీమా డబ్బు రాదు. బావ విషయంలో ఆ మనిషి ఎత్తింది సరిగ్గా ఆ గొడవే. అందుకే ఎక్కించే ముందు మూడో పక్షం తనిఖీ చేయించి, ఆ నివేదికే చివరి మాట అని ఒప్పందంలో రాయించు.

నివేదికకు తగ్గట్టు సరుకు ఉండాలి మరి. కాయ విరగకుండా ఉండాలని బస్తాకు ఎత్తేముందు నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఉంది. తూకమూ పెరుగుతుంది. మీ సంఘంలో ఎవరైనా చల్లితే మొహమాటపడకు, ఆ బస్తా పక్కన పెట్టించు. తేమ 11 శాతం దాటకూడదు. ఓడలో మూసిన పెట్టెలో వారాల తరబడి ఉండే కాయ అది. పైకి ఎర్రగా నిగనిగలాడుతుంది. తొడిమ తీసి, చీల్చి, గింజల దగ్గర చూడు. బూడిద రంగు బూజు అక్కడ మొదలవుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా అక్కడినుంచే. యూరప్‌లో కిలో మిర్చికి బి1 రకం 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు లోపలికి రానివ్వరు. ఇండోనేషియా ఏ ప్రయోగశాల నివేదికను ఒప్పుకుంటుందో ప్రయాణానికి ముందే కనుక్కో.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. మీ బాపుకు చెప్పకుండా దరఖాస్తు పెట్టావట. పాత బాధ గుర్తుచేయకూడదని అనుకున్నావేమో, నీ మనసు నాకు తెలుసు. కానీ రేపు ఎవరో చెబితే తెలుసుకోవడం ఆయనకు ఇంకా బాధ. మిర్చి వాసనతోనే కాయ ఏ మండలానిదో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఉంటే, నువ్వు కన్సల్టెంట్లకు ఫీజు కడుతున్నావు. వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు. ముందు కోప్పడతాడు, మాట్లాడడు. ఓర్చుకో. తర్వాత ఆయనే నమూనా కాయలు ఏరి ఇస్తాడు.

ఆదివారం ఇద్దరూ హన్మకొండ రండి. దరఖాస్తు నకలు, ఆ ఇండోనేషియా వాళ్లతో నడిచిన మెయిళ్లన్నీ తీసుకురా. ధర ఎవరికీ రాసి పంపకు, ఆ కాగితం ముందు మేమిద్దరం చూడాలి. అత్తయ్య నీకిష్టమని సర్వపిండి చేస్తానంటోంది. పొద్దున ఏమీ తినకుండా బయలుదేరకు.

ఆశీస్సులతో,
మీ మామ