డిపాజిట్ మెషిన్ మంచి నోటును ఎందుకు వెనక్కి ఇస్తుంది?

డిపాజిట్ మెషిన్‌లో 500 నోట్లు వేస్తే కొన్ని పదేపదే వెనక్కి వస్తున్నాయి, అవి దొంగనోట్లా, అసలు మెషిన్ నోటును ఎలా గుర్తుపడుతుంది అని అడిగారు. గుంటూరు, తెనాలి వైపు బ్యాంకుల్లో ఈ మెషిన్ల సర్వీసింగ్ నా పని. ముందుగా ఒక మాట: వెనక్కి వచ్చినంత మాత్రాన అది దొంగనోటు కాదు. టెన్షన్ పడకండి.

మీరు పెట్టిన కట్టలోంచి రబ్బరు రోలర్లు ఒక్కో నోటునే లోపలికి లాగుతాయి. రెండు నోట్లు అతుక్కుని వచ్చాయేమో మందం చూసే సెన్సర్ పసిగడుతుంది. టేపు అంటించిన నోటు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత సైజు. ఇప్పుడున్న సిరీస్‌లో 100, 200, 500 నోట్ల వెడల్పు ఒకటే, 66 మిల్లీమీటర్లు. పొడవు మాత్రం వరుసగా 142, 146, 150. తేడా నాలుగేసి మిల్లీమీటర్లే కాబట్టి అంచు కాస్త మడత పడితే లెక్క తప్పుతుంది. అందుకే సైజు ఒక్కదాన్నే నమ్మకుండా నోటును రెండు వైపులా స్కాన్ చేసి, మెమరీలో ఉన్న నమూనాలతో పోలుస్తుంది. నోటు తిరగేసి పెట్టినా, తలకిందులుగా పెట్టినా ఇబ్బంది లేదు, నాలుగు రకాలకూ నమూనాలుంటాయి.

ఆ నమూనా లేకపోతే రిజర్వ్ బ్యాంకు నుంచి నేరుగా వచ్చిన కొత్త నోటైనా మెషిన్‌కి ఉత్త కాగితమే. 2016 నవంబర్‌లో కొత్త 500, 2000 నోట్లు వచ్చినప్పుడు సైజులూ డిజైన్లూ మారిపోయి, దేశమంతటా మెషిన్లను సరిచేయాల్సి వచ్చింది గుర్తుందా? కారణం అదే.

ఇక అసలు సంగతి. మెషిన్ మన కళ్ళతో చూడదు. మామూలు వెలుతురుతో పాటు మన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, యూవీ (అల్ట్రావయొలెట్) వెలుతురు కూడా నోటు మీద వేసి చూస్తుంది. మన కంటికి ఒకేలా కనిపించే రెండు రంగుల్లో ఒకటి ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లగా నిలబడుతుంది, ఇంకోటి కనిపించకుండా పోతుంది. కలర్ ప్రింటర్ ఇంకులు చాలావాటికి ఈ పరీక్షలో బొమ్మే మిగలదు. యూవీలో అయితే మామూలు తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది. నోటు కాగితం పత్తితో చేసింది కాబట్టి మసకగా ఉండిపోతుంది, అందులో కలిపిన సన్నటి పోగులు అక్కడక్కడా మెరుస్తాయి.

మంచి నోట్లు దెబ్బతినేది కూడా ఇక్కడే. చొక్కా జేబులో మరిచిపోయి వాషింగ్ మెషిన్‌లో పడ్డ నోటును ఎండబెడితే మనకు శుభ్రంగానే ఉంటుంది. కానీ బట్టలు తెల్లగా కనిపించడానికి సబ్బుపొడిలో కలిపే పదార్థం పత్తికి పట్టేస్తుంది. అలాంటి నోటును క్యాషియర్ దగ్గరుండే యూవీ లైటు కింద పెట్టి చూశాను, తెల్ల కాగితంలాగే నీలంగా వెలిగిపోయింది. దుగ్గిరాల పసుపు యార్డు వైపు నుంచి వచ్చే నోట్లదీ ఇలాంటి కథే. పసుపు యూవీలో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో మెరుస్తుంది. మన కంటికి చిన్న మరక, సెన్సర్‌కి అక్కడ వేరే నోటు. పూజలో పసుపు పూసిన నోట్లు కూడా అంతే. పాపం, ఎంతో మంది రైతులు ఆ నోట్లు పట్టుకుని క్యూలో కంగారు పడటం చూశాను.

మెషిన్ తీసుకున్న డబ్బు వెంటనే ఖాతాలో పడుతుంది కాబట్టి, అనుమానం వస్తే తిప్పి పంపేలాగే సెట్టింగులు ఉంటాయి. అది సరైన పద్ధతే అని నేను గట్టిగా నమ్ముతాను.

మీ నోట్ల మడతలు సాపు చేసి, తడి లేకుండా చూసి, ఈసారి ఇంకో వైపు తిప్పి పెట్టండి. అప్పటికీ మెషిన్ తీసుకోకపోతే కౌంటర్‌లో ఇవ్వండి. మాసిన నోట్లు ఏ బ్యాంకు శాఖలోనైనా మారుస్తారు, ఖాతా అక్కడే ఉండాలని లేదు. ఒకవేళ నకిలీదని తేలితే దాని మీద ముద్ర వేసి ఉంచేసుకుంటారు, మీకు రసీదు ఇస్తారు. ఆ రసీదు తప్పకుండా అడిగి తీసుకోండి. ఒకేసారి నకిలీ నోట్లు నాలుగు వరకు ఉంటే పోలీసులకు నెలవారీ రిపోర్టులో చేరుస్తారు, అయిదు లేదా అంతకు మించితే ఎఫ్ఐఆర్ అవుతుంది.