కాంతిని చదవాలనుకునే అమ్మాయికి ఒక లెక్క

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. విద్యుదయస్కాంత క్షేత్రాల క్వాంటం సిద్ధాంతంలో పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచరుగా స్థిరపడితే చాలని మా కోరిక. ఆ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

ఉంటుందండీ. అయితే ముందు మీ అమ్మాయిని హార్మోనిక్ ఆసిలేటర్ (లోలకంలా క్రమంగా అటూ ఇటూ ఊగేది) లెక్కను పుస్తకం చూడకుండా తెల్లకాగితం మీద చేయమనండి. అద్దాల పెట్టెలో బంధించిన కాంతి కంపించే ఒక్కో తీరునూ ఒక్కో లోలకంగా చూడటమే ఈ సిద్ధాంతానికి పునాది. 1927లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త డిరాక్ పట్టుకున్న దారి అదే. ఆ లోలకం శక్తి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక మెట్టు ఎక్కితే ఒక ఫోటాన్, అంటే ఒక కాంతి రేణువు, చేరినట్లు. అన్నిటికన్నా కింద ఉన్నప్పుడూ సగం మెట్టంత శక్తి మిగిలే ఉంటుంది. అంటే ఒక్క ఫోటానూ లేని చీకటిలో కూడా క్షేత్రం నిశ్చలంగా ఉండదు! హైడ్రోజన్‌లో అప్పటి సిద్ధాంతం ప్రకారం సమానంగా ఉండాల్సిన రెండు శక్తి స్థాయుల మధ్య పౌనఃపున్యంలో చెబితే సుమారు 1,000 మెగాహెర్ట్జ్ తేడా ఉందని 1947లో అమెరికా భౌతిక శాస్త్రవేత్తలు లాంబ్, రెథర్‌ఫర్డ్ కొలిచి చూపారు. దానికి ముఖ్య కారణం చీకటిలోనూ ఆగని క్షేత్రపు ఈ కంపనమే. ఈ లోలకం లెక్క చేస్తూ ఆమె అన్నం వేళ మరచిపోతే, ఇక అడ్డు చెప్పకండి.

మూడో సంవత్సరంలో ఐఐటీలు నిర్వహించే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాయించండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. కాంతిని ఫోటాన్ల స్థాయిలో చదివే క్వాంటం ఆప్టిక్స్‌లో పేరెన్నికగన్న జి.ఎస్. అగర్వాల్ ఏళ్ల తరబడి పనిచేసింది అక్కడే. ఎమ్మెస్సీ తర్వాత జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 ఇస్తారు. కాబట్టి పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. కానీ అది పూర్తయ్యేసరికి ఆమెకు 27, 28 ఏళ్లు వస్తాయి. పెళ్లి మాట సహా ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి. మధ్యలో లేవనెత్తితే చదువు చెడుతుంది.

కేవలం సిద్ధాంతమే పట్టుకుంటానంటే నేను ఒప్పుకోను. దేశంలో ఆ అధ్యాపక పోస్టులు తక్కువ. లేజర్లు, ఒంటరి ఫోటాన్లను పట్టే డిటెక్టర్లు చేతికి అలవాటైన వారికి దారులు ఎక్కువ. 2023లో కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషన్‌లో క్వాంటం కమ్యూనికేషన్‌కు ఐఐటీ మద్రాస్ కేంద్రం, కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్సీ. ఆమె వెళ్లాల్సింది అలాంటి ప్రయోగశాలలకే.

బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ అయ్యాకైనా చేయవచ్చు.